థోర్ సుత్తి చేసింది ఎవరు? సిండ్రీనా, ఎయిట్రీనా?

గేమ్‌లు ఆడేవాళ్లను అడిగితే బ్రోక్, సిండ్రి అనే అన్నదమ్ములంటారు. మార్వెల్ సినిమాలు చూసేవాళ్లు ఎయిట్రి అంటారు. గాడ్ ఆఫ్ వార్ గేమ్‌లో ఆ అన్నదమ్ములిద్దరూ పొట్టివాళ్లు. పైగా సిండ్రికి చేతికి మురికి అంటితే తగని చిరాకు. సినిమాలో ఎయిట్రి పక్కన నిలబడితే థోరే పిల్లవాడిలా కనిపిస్తాడు. ఆ గేమూ ఈ సినిమా ఒకే ఏడాది, 2018లో వచ్చాయి. రెండూ చూసినవాళ్లకు మాత్రం అసలు కమ్మరి ఎవరన్నది అంతుపట్టదు.

చిక్కుముడి మొదటి పోగు సులువుగానే విడిపోతుంది. సిండ్రి, ఎయిట్రి ఇద్దరు వ్యక్తులు కారు. ఒకే కమ్మరికి వేర్వేరు రాతప్రతుల్లో పడిన రెండు పేర్లు. అసలు చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. సుత్తి ఎలా తయారైందో పూర్తిగా చెప్పిన పాత పుస్తకం మనకు మిగిలింది ఒక్కటే. అది కూడా సుత్తి కథ చెప్పాలని రాసిన పుస్తకం కాదు.

ఎడ్డా అంటే ఏమిటి, ద్వెర్గర్ అంటే ఎవరు

థోర్, ఓడిన్, లోకీ లాంటి వాళ్లు స్కాండినేవియా ప్రజలు క్రైస్తవంలోకి మారక ముందు కొలిచిన దేవతలు. ఐస్లాండ్ క్రైస్తవ దేశమైంది సుమారు 1000లో. ఆ దేవతల కథలు ఎక్కువగా రెండు పుస్తకాల్లో మిగిలాయి. ఒకటి పాత పద్యాల సంకలనం, దాన్ని పద్య ఎడ్డా అంటారు. దాని ముఖ్యమైన రాతప్రతి 1270 ప్రాంతానిది. రెండోది వచన ఎడ్డా. దీన్ని 1220 ప్రాంతంలో స్నోర్రి స్టుర్లుసన్ అనే ఐస్లాండ్ పెద్దమనిషి రాశాడు. ఆయన కవి, చరిత్రకారుడు, రాజకీయాల్లో నలిగినవాడు. 1241లో శత్రువులు ఆయన్ను సొంత ఇంట్లోనే చంపేశారు.

ఇక ద్వెర్గర్. ఆ కథలు రాసిన పాత నార్స్ భాషలో ఏకవచనానికీ బహువచనానికీ కాస్త తేడాగా పలికే ఈ మాటనే ఇంగ్లిష్‌లో డ్వార్ఫ్ అనీ తెలుగులో మరుగుజ్జు అనీ అంటున్నాం. కొండల్లో, రాళ్ల లోపల ఉంటారు. లోహం పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు. దేవతలకు ఏ గొప్ప వస్తువు కావాలన్నా వాళ్ల గడప తొక్కాల్సిందే. పొట్టివాళ్లా కాదా అన్న ప్రశ్నకు తర్వాత వద్దాం, అది అనుకున్నంత తేలిక కాదు.

ఒక జుట్టు, ఒక పందెం, ఒక జోరీగ

కథ స్నోర్రి చెప్పిన వరసలోనే చూద్దాం.

థోర్ భార్య సిఫ్. లోకీ కొంటెతనానికి ఆమె జుట్టంతా కత్తిరించేశాడు. థోర్ దొరకబుచ్చుకుని ఎముకలన్నీ విరిచేస్తానన్నాడు. లోకీ హడలిపోయి, మామూలు జుట్టులాగే పెరిగే బంగారు జుట్టు చేయించి తెస్తానని ఒట్టు పెట్టాడు. ఇవాల్డి కొడుకులు అనే ద్వెర్గర్‌ల దగ్గరికి వెళ్లాడు. వాళ్లు జుట్టుతో పాటు ఇంకో రెండు వస్తువులు చేసిచ్చారు. ఒకటి గుంగ్నిర్ అనే ఈటె, పొడిస్తే మధ్యలో ఆగదు. రెండోది స్కీద్‌బ్లాద్నిర్ అనే ఓడ. తెరచాప ఎత్తగానే అనుకూలమైన గాలి వీస్తుంది, పని అయ్యాక గుడ్డలా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు.

అక్కడితో ఊరుకుంటే లోకీ ఎందుకవుతాడు? బ్రోక్కర్ అనే మరో ద్వెర్గర్‌తో పందెం కాశాడు. గేమ్‌లో బ్రోక్ అన్నది ఇతన్నే. "మీ వాడు ఇంత మంచివి మూడు చేయలేడు, చేస్తే నా తల నీది." మీ వాడు అంటే బ్రోక్కర్ తోడబుట్టినవాడు. మన కథలోని కమ్మరి ఇతనే.

కమ్మరి కొలిమిలో పందితోలు పెట్టి బ్రోక్కర్‌ని తిత్తి ఊదమన్నాడు. "నేను వచ్చి బయటికి తీసేదాకా ఆపొద్దు" అని చెప్పి వెళ్లాడు. ఒక ఈగ వచ్చి బ్రోక్కర్ చేతి మీద వాలి కుట్టింది. తెలుగులో జోరీగ అంటే సరిగ్గా సరిపోతుంది. అతను ఆపలేదు. కొలిమిలోంచి బంగారు వెంట్రుకల అడవిపంది వచ్చింది. రెండోసారి బంగారం పెట్టారు. ఈగ మెడ మీద వాలి రెండింతలు గట్టిగా కుట్టింది. అప్పుడూ ఆపలేదు. ద్రౌప్నిర్ అనే కడియం వచ్చింది. మూడోసారి ఇనుము పెట్టారు. ఈసారి ఈగ కళ్ల మధ్య వాలి రెప్పల మీద కుట్టింది. నెత్తురు కళ్లలోకి కారి ఏమీ కనిపించలేదు. తిత్తి కిందికి దిగే క్షణంలో బ్రోక్కర్ ఒక్కసారి చెయ్యెత్తి ఈగను తోలాడు. కమ్మరి వచ్చి చూసి, ఇంకాస్తలో అంతా పాడైపోయేదని అన్నాడు. బయటికి తీసింది సుత్తి. పిడి కాస్త పొట్టిది.

మూడు వస్తువులు పట్టుకుని దేవతల దగ్గరికి వెళ్లింది బ్రోక్కరే, కమ్మరి వెళ్లలేదు. తీర్పు చెప్పేవాళ్లు ఓడిన్, థోర్, ఫ్రేయర్ అనే మరో దేవుడు. ఎంత గట్టిగా కొట్టినా సుత్తికి ఏమీ కాదు. విసిరితే గురి తప్పదు, ఎంత దూరం పోయినా చేతికే తిరిగొస్తుంది, కావాలంటే చొక్కాలో దాచుకునేంత చిన్నదవుతుంది. మంచు రాక్షసుల నుంచి కాపాడేది ఇదేనని సుత్తికే మొదటి స్థానం ఇచ్చారు. లోకీ ఓడిపోయాడు. తల ఇవ్వాల్సి వచ్చేసరికి లిటిగేషన్ పెట్టాడు. "తల నీదే, మెడ నీది కాదు."

మెడ తెగకుండా తల రాదు. బ్రోక్కర్ సరేనని, ఆ వాగే నోరే కుట్టేద్దామని తోలువారు, కత్తి తీశాడు. కత్తి పెదాల్లో దిగలేదు. "మా వాడి ఆరె ఉంటే బాగుండేది" అనగానే ఆరె, అంటే తోలుకు బెజ్జం వేసే పనిముట్టు, చేతిలోకి వచ్చేసింది. పెదాలు కుట్టేశాడు.

దాదాపు ప్రతి గేమూ, పిల్లల పుస్తకమూ ఆ ఈగ లోకీయేనని చెబుతుంది. స్నోర్రి మాత్రం అలా రాయలేదు. "ఒక ఈగ" అన్నాడంతే. పందెం ఓడితే నష్టపోయేది లోకీయే కాబట్టి అతనేనని ఊహించడం సబబే. ఇంకో పాత కథలో లోకీ నిజంగానే ఈగ రూపంలో ఫ్రేయా అనే దేవత గదిలోకి దూరతాడు కూడా. అయినా ఇక్కడ అది చదివేవాళ్ల ఊహే, రాసినవాడి మాట కాదు.

కమ్మరికి రెండు పేర్లు ఎలా వచ్చాయి

స్నోర్రి స్వదస్తూరీతో రాసిన ప్రతి ఏదీ మిగల్లేదు. మన చేతిలో ఉన్నవన్నీ నకళ్లు, వాటికి నకళ్లు. పాతవి 14వ శతాబ్దానివి. కొన్ని ప్రతుల్లో కమ్మరి పేరు ఎయిట్రి, కొన్నింటిలో సిండ్రి. తాళపత్రాలు పరిష్కరించినవాళ్లు దీన్ని పాఠాంతరం అంటారు. మనకు కొత్త విషయమేమీ కాదు.

ఏ పేరు అసలుదో తేల్చడానికి రెండు వైపులా వాదనలు చేయవచ్చు. సిండ్రి అన్న పేరు ఇనుప చిట్టేనికి వాడే పాత నార్స్ మాటకు దగ్గర. కొలిమిలో ఇనుము కాలుస్తుంటే విడిపోయే తెట్టు అది. కమ్మరికి ఇంతకంటే తగిన పేరు దొరకదు. ఎయిట్రి విషానికి వాడే మాటకు దగ్గర. "తగిన పేరు కాబట్టి సిండ్రీయే అసలు" అని ఒకరంటే, "తగిన పేరు కాబట్టే నకలు రాసినవాడు తెలియని ఎయిట్రిని తీసేసి సిండ్రిని పెట్టి ఉంటాడు" అని ఇంకొకరు అనవచ్చు. పాఠాంతరాల దగ్గర రెండోరకం వాదనకే బలం ఎక్కువ. కష్టమైన పదాన్ని సులువైనదిగా మార్చడం నకలు రాసేవాళ్ల అలవాటు, తిరగేసి చేసేవాళ్లు అరుదు. అయినా అది మొగ్గు మాత్రమే, రుజువు కాదు.

దీనికి తోడు వొలుస్పా అనే పాత పద్యం ఉంది. అందులో నిదవెల్లిర్ అనే చోట "సిండ్రి వంశం వారి" బంగారు సభ ఒకటి ఉందని వస్తుంది. అంటే సిండ్రి పేరుగల ద్వెర్గర్ వంశం ఒకటి స్నోర్రికి ముందే జనానికి తెలుసు. మరి స్నోర్రి ఏం చేశాడు? తన పుస్తకంలో మరోచోట ఆ పద్యాన్ని వాడుకుంటూ సిండ్రి అన్నది సభ పేరు అనుకున్నాడు. సినిమాలో ఎయిట్రి ఉండే లోకానికి నిదవెల్లిర్ పేరు పెట్టినవాళ్లు ఈ పద్యం నుంచే తీసుకున్నారు. అలా సిండ్రి వంశం ఇంట్లో ఎయిట్రిని కూర్చోబెట్టారు.

ఒక ఆయుధం, చేసినవాళ్లు ఇద్దరు అన్న సంగతి వినగానే మనకు వజ్రాయుధం గుర్తొస్తుంది. రుగ్వేదంలో ఇంద్రుడికి వజ్రం చేసిచ్చింది త్వష్ట. భాగవతం ఆరో స్కంధంలో దధీచి ఎముకలతో దాన్ని చేసింది విశ్వకర్మ. మనం దాని గురించి పెద్దగా టెన్షన్ పడం. కాలంతో కథ మారిందని సరిపెట్టుకుంటాం. సిండ్రి, ఎయిట్రిల విషయం మాత్రం కాలంతో మారిన కథ కాదు, ఒకే వాక్యంలో ఒక్క పేరు దగ్గర తేడా. ఈ రెండింటినీ కలిపేస్తే మళ్లీ చిక్కులో పడతాం.

పిడి పొట్టిది కావడానికి రెండు కారణాలు

స్నోర్రి చెప్పిన కారణం తిత్తి ఒక్క క్షణం ఆగడం. కమ్మరి పని తెలిసినవాళ్లకు ఇది వట్టి మంత్రాల కథలా అనిపించదు. బొగ్గు కొలిమిలో గాలి ఆగితే వేడి వెంటనే పడిపోతుంది. ఇనుము కరగాలంటే సుమారు 1,538 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆనాటి ఉత్తర యూరప్ కొలుముల్లో ఇనుమును అంతదాకా తీసుకెళ్లి పోత పోసేవాళ్లు కారు, ఎర్రగా మెత్తబడ్డాక సాగగొట్టేవాళ్లు. కాబట్టి ఆ కథ మొదట విన్నవాళ్ల ఊహలో ఉన్నది మెత్తబడిన ఇనుము, తిత్తి, సమ్మెట. కరిగిన లోహాన్ని అచ్చులో పోసే సినిమా దృశ్యం మన కాలపు ఊహ. ఊరూ అనే లోహం కూడా కామిక్స్ వాళ్లు కల్పించుకున్నదే. స్నోర్రి రాసింది మామూలు ఇనుము.

రెండో కారణం డెన్మార్క్ నుంచి వచ్చింది. స్నోర్రికి కాస్త ముందు, 1200 ప్రాంతంలో, సాక్సో గ్రమ్మాటికుస్ అనే పండితుడు లాటిన్‌లో డేన్‌ల చరిత్ర రాశాడు. ఆయన లెక్కలో థోర్ ఆయుధం సుత్తి కాదు, గద లాంటి దుడ్డుకర్ర. హోథర్ అనే వీరుడు యుద్ధంలో దాని పిడి నరికేశాడు, అప్పుడు దేవతలు పారిపోయారు. ఇక్కడ కమ్మరి తప్పూ లేదు, ఈగా లేదు.

రెండు పుస్తకాలూ ఒకదాన్నుంచి ఒకటి అరువు తీసుకున్నట్టు కనిపించవు. అందువల్ల నాకు తోచేది ఇది: పిడి పొట్టిదన్న సంగతి జనంలో ముందే ఉంది, కారణాలు తర్వాత పుట్టాయి. కంటికి కనిపించే సాక్ష్యం కూడా ఉంది. వైకింగ్ కాలం నాటి సుత్తి తాయెత్తులు వెయ్యికి పైగా దొరికాయి. మెడలో వేసుకునేవి కాబట్టి చాలావాటికి పిడి పొట్టిగానే ఉంటుంది. తాయెత్తులు చూసి కథ పుట్టిందా, కథ విని తాయెత్తులు అలా చేశారా అంటే రెండూ సాధ్యమే. అసలవి సుత్తులేనా అని కూడా కొందరికి అనుమానం ఉండేది. 2014లో డెన్మార్క్‌లోని లోలాండ్ దీవిలో, కోబెలెవ్ అనే చోట దొరికిన 10వ శతాబ్దపు తాయెత్తు మీద "ఇది సుత్తి" అని రూన్ లిపిలో చెక్కి ఉంది. చెక్కినవాడు ఒక అక్షరం మింగేశాడు. అయినా అనుమానం తీరింది.

ద్రౌప్నిర్ కడియంతో ఒక లెక్క

ఒకే రచయిత చెప్పినా మాట నిలకడగా ఉండదని చూపడానికి ఈ కడియం మంచి ఉదాహరణ. ప్రతి తొమ్మిదో రాత్రి దాన్నుంచి అంతే బరువున్న ఎనిమిది కడియాలు రాలుతాయి. తొమ్మిది రాత్రులకొకసారి అని తీసుకుంటే ఏడాదికి 365ని 9తో భాగిస్తే 40 సార్లు. 40 సార్లు ఎనిమిదేసి, అంటే 320. అసలుదానితో కలిపి 321 కడియాలు. ధనవంతుడైన దేవుడికి సరిపోయే ఆదాయం.

కానీ రాలిన కడియాలు కూడా రాల్చడం మొదలుపెడితే? మొదటి తొమ్మిది రాత్రులకు 9, తర్వాత 81, ఆపై 729, 6,561. 45 రాత్రులకు 59,049. 81 రాత్రులు గడిచేసరికి 38 కోట్ల 74 లక్షలు దాటుతాయి. బంగారానికి విలువే ఉండదు. స్నోర్రి బరువు ఒకటే అన్నాడు తప్ప మహిమ ఒకటే అనలేదు, కాబట్టి మొదటి లెక్కే సరి. వడ్డీకీ చక్రవడ్డీకీ ఉన్న తేడా ఇక్కడ ఒక్క మాట దగ్గర తేలింది.

తిరకాసు ఇంకోచోట ఉంది. సుత్తి కథలో ఈ మహిమ పెట్టింది కమ్మరి. అదే పుస్తకంలో ఓడిన్ కొడుకు బాల్డర్ చనిపోయిన ఘట్టంలో ఓడిన్ ఆ కడియాన్ని చితి మీద పెడతాడు, "అప్పటినుంచి" దానికి ఈ మహిమ వచ్చిందని ఉంటుంది. ఓడ సంగతీ ఇంతే. పాత పద్యం ఒకటి ఇవాల్డి కొడుకులు దాన్ని ఫ్రేయర్‌కు చేశారంటుంది, సుత్తి కథ కూడా ఫ్రేయర్‌కే ఇస్తుంది. స్నోర్రి రాసిన ఇంకో గ్రంథం మొదట్లో అదే ఓడ ఓడిన్‌ది.

పొట్టివాళ్లేనా

మరుగుజ్జు అన్న తెలుగు మాటలోనే ఎత్తు ఉంది, అందుకే అనువాదం దగ్గరే తీర్పు అయిపోతోంది. పాత నార్స్ కథల్లో ద్వెర్గర్‌లు పొట్టివాళ్లని గట్టిగా చెప్పే చోట్లు చాలా తక్కువ. వాళ్ల పుట్టుక గురించి కూడా ఏకాభిప్రాయం లేదు. వొలుస్పాలో రాక్షసుడి నెత్తురు, ఎముకల నుంచి పుట్టారు. స్నోర్రి అయితే యూమిర్ అనే ఆదిరాక్షసుడి మాంసంలో పురుగులుగా ఉండేవాళ్లకు దేవతలు మనిషి రూపం, తెలివి ఇచ్చారన్నాడు. ఆకాశాన్ని నాలుగు మూలలా మోస్తున్న నలుగురూ ద్వెర్గర్‌లే. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అన్నవే వాళ్ల పేర్లు. ఆకాశం మోసేవాళ్లను నడుము ఎత్తు మనుషులుగా ఊహించడం కష్టం.

మరోవైపు సిగుర్డ్ అనే వీరుడి కథలో కత్తి చేసిచ్చే రెగిన్ అనే కమ్మరి గురించి "ఎత్తులో ద్వెర్గర్" అని రాసి ఉంది. అంటే ఆ మాట రాసేనాటికి ద్వెర్గర్ అంటే పొట్టి అన్న భావన వచ్చేసింది. పొట్టి బొమ్మ తప్పని అనలేం, అదొక్కటే బొమ్మ అనీ అనలేం. సినిమా ఎయిట్రిని తాడిచెట్టంత చేయడం చూసి నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. పాత పాఠం దానికి మద్దతు ఇవ్వదు, అలాగని అడ్డూ పడదు.

ఇంకో గందరగోళం స్నోర్రి చలవే. ఆల్వ్ అంటే ఇంగ్లిష్‌లో ఎల్ఫ్ అనే మాయాజాతి. సిఫ్ జుట్టు కోసం లోకీ "నల్ల ఆల్వ్‌ల" దగ్గరికి వెళ్తానంటాడు, తీరా వెళ్లింది ద్వెర్గర్‌ల దగ్గరికి. ఫెన్రిర్ తోడేలును కట్టే గ్లెయిప్నిర్ పట్టీ కోసం కూడా ఓడిన్ మనిషిని పంపింది నల్ల ఆల్వ్‌ల లోకానికే, చేసింది మాత్రం ద్వెర్గర్‌లే. పిల్లి అడుగుల చప్పుడు, ఆడవాళ్ల గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి కలిపి చేశారు దాన్ని. రెండు పేర్లూ ఒకే జాతివని కొందరి అభిప్రాయం. తెల్ల ఆల్వ్‌లు, నల్ల ఆల్వ్‌లు అన్న విభజనే దేవదూతలు, దయ్యాల నమూనాలో స్నోర్రి తెచ్చాడని మరికొందరి అభిప్రాయం. స్నోర్రి క్రైస్తవుడన్నది మాత్రం ఎవరూ కాదనరు.

బంగారానికి పర్యాయపదం వివరించబోయి

ఇంతకీ స్నోర్రి ఈ కథ ఎందుకు చెప్పాడు? ఆయన పుస్తకం కుర్ర కవులకు పాఠ్యగ్రంథం. ఆనాటి కవులు దేన్నీ నేరుగా అనరు. బంగారం అనాలంటే "సిఫ్ జుట్టు" అంటారు. పాత దేవతలు మరుపున పడుతున్న రోజుల్లో కుర్రవాళ్లకు అది అర్థం కాదు. "బంగారాన్ని సిఫ్ జుట్టు అని ఎందుకంటారు?" అన్న ప్రశ్నకు జవాబుగా మొదలైంది ఈ కథంతా. మూడు లోకాలనూ కాపాడిన సుత్తి పుట్టుక మనకు దొరికింది ఒక పదానికి రాసిన వ్యాఖ్యానంలో, దారిన పోతూ.

అందుకే దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. క్రైస్తవం వచ్చిన 200 ఏళ్ల తర్వాత, కవిత్వం నేర్పడానికి, ఒక పండితుడు అల్లిన కథ పాత నమ్మకానికి సాక్ష్యం ఎలా అవుతుందని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దానికి దొరికే ఉత్తమ జవాబు పుస్తకంలో లేదు, ఒక రాయిలో ఉంది.

డెన్మార్క్‌లో స్నాప్టున్ దగ్గర సముద్రపు ఒడ్డున 1950లో ఒక బలపం రాయి దొరికింది. సుమారు 1000 నాటిది, అంటే స్నోర్రి పుట్టకముందుది. దాని మీద మీసాలున్న ఒక ముఖం చెక్కి ఉంది. పెదాల మీద అడ్డంగా గీతలు, కుట్లు వేసినట్టు. లోకీయేనని ఎక్కువమంది అభిప్రాయం, పక్కన పేరేమీ రాసి లేదు. ఇప్పుడది ఆర్హుస్ దగ్గరి మోస్‌గార్డ్ మ్యూజియంలో ఉంది.

ఆ రాయి ఏ పనికి వాడారో మాత్రం స్పష్టంగా తెలుసు. కొలిమి మంట తిత్తికి తగలకుండా అడ్డంగా పెట్టే రాయి అది. ముందువైపు ఒక బెజ్జం ఉంది, తిత్తి గొట్టం దూర్చేది అందులోనే. ఎవరో కమ్మరి దగ్గర ఎవరో బ్రోక్కర్ రోజంతా ఆ కుట్టిన నోటికి ఎదురుగా కూర్చుని గాలి ఊదాడు.